ప్రోగ్రాంనే అడిగిన అక్క

మా ఆఫీసులో ఎవరైనా "నా కంప్యూటర్ల మంచిగనే నడుస్తుంది" అన్నారంటే చాలు, అక్క తన కుర్చీని ఇటు తిప్పేది. కళ్లద్దాలు నెత్తి మీదికి నెట్టి "లైబ్రరీ ఏ వెర్షన్?" అని అడిగేది. మనం ఏదో ఒక నంబర్ చెప్తాం. అసలు ప్రశ్న అప్పుడు వచ్చేది. "ఎవలు చెప్పిండ్రు నీకు?"

ఆ రెండో ప్రశ్నకు నాకు ఒళ్లు మండేది. ఎవరు చెప్పడమేమిటి? ఇన్‌స్టాల్ చేసింది నేను, కమాండ్ కొట్టి చూసుకున్నది నేను. అసలే నాకు ముక్కు మీద కోపం. హుస్నాబాద్ నుంచి కరీంనగర్ దాకా రోజూ బస్సులో నిలబడి వచ్చి, మొబైల్ షాపు పక్క సందులో ఇరుకు మెట్లెక్కి, ఫ్యాన్ కింద కూర్చునేసరికి సగం ఓపిక అయిపోయేది. మిగిలిన సగం అక్క ప్రశ్నకు అయిపోయేది.

మాది చిన్న ఆఫీసు. రైస్ మిల్లులకు, విత్తనాల షాపులకు, వడ్లు కొనే సెంటర్లకు ప్రోగ్రాంలు రాసిచ్చే పని. అక్క మా అందరికంటే పెద్దది, పిల్లలు డిగ్రీకి వచ్చిన మనిషి. ఆఫీసు తెరిచిన నాటి నుంచీ ఉన్నది ఆమె ఒక్కతే. ఆదివారాలు చర్చిలో పాటలు పాడుతుంది, అందుకేనేమో తిట్టినా కాస్త రాగం ఉన్నట్టే వినిపిస్తుంది. ఎవరి మీదా గొంతు పెంచగా నేను వినలేదు. గొంతు పెంచకుండానే మనచేత నీళ్లు నమిలించే విద్య ఆమెకు బాగా వచ్చు.

లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాలది కాదు. ఎవరో రాసి, పదిమందీ వాడుకోండని బయట పెట్టిన కోడ్. అన్నీ మొదటి నుంచీ మనమే రాసుకుంటూ కూర్చుంటే తెల్లారదు కాబట్టి, దాన్ని తెచ్చి మన ప్రోగ్రాంలో పెట్టుకుంటాం. రాసినవాళ్లు ఎప్పటికప్పుడు తప్పులు దిద్ది కొత్త వెర్షన్ వదులుతుంటారు. పేరు అదే ఉంటుంది, లోపల లెక్క మారిపోయి ఉంటుంది. అందుకని ఏ వెర్షన్ వాడుతున్నామో చూసుకోవాలి. ఈ ముక్క కాలేజీలోనే చదువుకున్నాను. చూసుకోవడం అంటే ఏమిటో మాత్రం అక్క దగ్గరికి వచ్చాకే తెలిసింది.

ఒకరోజు అన్నం తినేటప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. "అక్కా, ఎవలు చెప్పిండ్రు, ఎవలు చెప్పిండ్రు అని గట్ల పానం తీస్తవేంది?"

అక్క నవ్వింది. తన డబ్బాలోంచి పచ్చిపులుసు నా గిన్నెలో పోస్తూ చెప్పింది. "మాది బెల్లంపల్లి గదా. మా బాపు బొగ్గుబాయిల పనిచేసిండు. బాయిలకు దిగినంక, పని మొదలువెట్టే ముందు కట్టెతోని పైకప్పును కొట్టి సప్పుడు ఇనెటోడు. గట్టి సప్పుడొస్తే లోపలికి పోవుడు. డొల్ల సప్పుడొస్తే ఎనకకు. ముందటి షిఫ్టోళ్లు మంచిగున్నదని చెప్పి పోయినా సరే, తను మల్ల కొట్టి సూసెటోడు. వాళ్ల మీద నమ్మకం లేక కాదే. వాళ్లు చెప్పింది వాళ్లు ఉన్నప్పటి సంగతి. నువ్వు నిలవడ్డ కాడ పైకప్పు ఎట్లున్నదో గా పైకప్పునే అడగాలె."

అంతటితో డబ్బా కడుక్కోవడానికి లేచిపోయింది. నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. బొగ్గుబాయికీ ప్రోగ్రాంకీ ఏం సంబంధమని లోపల లోపల నవ్వుకున్నాను కూడా.

ఆ ఎండాకాలం యాసంగి వరి కోతలు మొదలైనప్పుడు సుల్తానాబాద్ దగ్గరి ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి వడ్ల సెంటర్‌ను ఊరి మహిళా సంఘం నడుపుతోంది. ప్రోగ్రాం మాది. కుప్పలోంచి గుప్పెడు వడ్లు తీసి తేమ చూసే మిషన్‌లో పోస్తే, దాని వైరు కంప్యూటర్‌కు ఉంటుంది, మా ప్రోగ్రాం అంకెను తీసుకుని చీటీ కొడుతుంది. పదిహేడు శాతం దాటితే కొనరు. ఆ మిషన్‌తో మాట్లాడటానికి మేం వాడే లైబ్రరీ పాత వెర్షన్‌లో ఒక లోపం ఉండేది. అది గింజల వేడిని లెక్కలోకి తీసుకోదు. వానాకాలం పంట చలి రోజుల్లో వస్తుంది కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. యాసంగిలో అలా కాదు, మండుటెండలో రోడ్డు మీద ఆరబోసి తెచ్చిన గింజ కాలిపోతూ ఉంటుంది. ఆ వేడికి ఉన్నదానికంటే తేమ ఎక్కువ చూపిస్తుంది. కొత్త వెర్షన్‌లో ఆ లోపం దిద్దారు. సీజన్ మొదలయ్యే ముందే అన్ని సెంటర్లకూ కొత్తది పంపి ఇన్‌స్టాల్ చేయించాం. ఆ పని చూసింది నేనే, ఆ ఊరి ఫోన్ వచ్చింది కూడా నాకే.

ఫోన్ చేసింది సంఘంలో కంప్యూటర్ చూసుకునే అమ్మాయి. స్పీకర్ పెట్టి విన్నాను. "మేడం, మిషన్ పంతొమ్మిది సూపెడ్తుంది. నిన్న గూడ గంతే, మొన్న గూడ గంతే. ఆమెనేమో వడ్లు ఎప్పుడో ఎండినయంటుంది. జర సూడుండ్రి, మొగులు గూడ అయితుంది, వానొస్తే అన్ని తడుస్తయి."

"ఆమె" ఎవరో కూడా ఆ అమ్మాయే చెప్పింది. భర్త మస్కట్‌లో పని చేస్తాడు. ఈసారి నారు పోయడం నుంచి కోత మిషన్ పిలవడం దాకా అంతా ఆమె ఒక్కతే చూసుకుంది. ఊళ్లో అందరికంటే ముందు కోసింది ఆమే, సెంటర్‌కు వచ్చిన మొదటి కుప్ప ఆమెదే. మిగతావాళ్లవి అప్పుడప్పుడే పచ్చిగా వస్తున్నాయి, వాటికి అంకె ఎక్కువ వస్తే ఎవరికీ అనుమానం రాదు. ఎండిందని వాదిస్తున్నది ఆమె మాత్రమే. ఆమె బావగారు, అంటే భర్తకు అన్న, రోజూ వచ్చి నలుగురిలో తల అడ్డంగా ఊపి పోతున్నాడు. "గీ వడ్లు అమ్ముడు పోకుంటే వచ్చే వానాకాలం పొలం వాళ్లన్నకే కౌలుకిచ్చేస్తనంటుండు మేడం, ఆమె ఇంటాయన. నీతోని ఎవుసం కాదని ఫోన్లనే చెప్పిండట" అంది ఆ అమ్మాయి, గొంతు తగ్గించి.

నేను ఆ అమ్మాయితో నల్ల తెర తెరిపించి, వెర్షన్ చూపించే కమాండ్ అక్షరం అక్షరం చెప్పి కొట్టించాను. "రెండు పాయింట్ మూడు" అని చదివింది. కొత్త వెర్షన్ అదే. నాకు హమ్మయ్య అనిపించింది. "మా దిక్కు అంత కరెక్టే ఉన్నది. వడ్లే పచ్చిగున్నయేమో చూసుకొమ్మని చెప్పు" అన్నాను.

ఫోన్‌లో వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది. "అందరు గదే అంటుండ్రు. నేనొక్కదాన్నే అబద్ధం చెప్తున్ననా?"

ఆ గొంతు నాకు మనసులో గుచ్చుకుంది. మళ్లీ చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. చూస్తే అక్క కుర్చీ ఇటు తిరిగి ఉంది.

"ఎవలు చెప్పిండ్రు?" అంది.

"కమాండే చెప్పింది అక్కా."

"కమాండ్ చెప్పింది సరే. ప్రోగ్రాం ఏమన్నది?"

"ప్రోగ్రాం ఏమంటది? అదేమన్న మాట్లాడుతదా?"

"అడిగితే మాట్లాడుతది. అడగకుంటే ఎట్ల మాట్లాడుతది?" అంటూ లేచింది. ఆ ఊళ్లో నెట్ సరిగ్గా రాదు, ఇక్కడి నుంచి తెర చూసే వీలు లేదు. స్కూటీ తాళాలు తీసుకుంది. "నడువు, పోదాం. మొగులైతుందట గదా."

మే నెల ఎండలో సుల్తానాబాద్ దాకా స్కూటీ వెనక కూర్చుని వెళ్లడం ఎలా ఉంటుందో చెప్తే నమ్మరు. ముఖానికి స్కార్ఫ్ చుట్టుకున్నా వడగాలి లోపలికి దూరుతూనే ఉంది. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లే, అంచుకు రాళ్లు పేర్చి ఆరబోశారు. మిల్లుల ముందు లారీలు ఆగి ఉన్నాయి. దారిపొడవునా నేను ఒకటే గొణుగుడు. ఒక ఫోన్‌తో తేలే పనికి ఇంత దూరమా, అదీ ఈ ఎండలోనా అని. అక్క మధ్యలో చెరుకురసం బండి దగ్గర ఆపి నాకో గ్లాసు తాగించి మళ్లీ బండెక్కింది. రసం తాగాక నా నోరు మూతపడింది.

సెంటర్ అంటే రేకుల షెడ్డు, దాని ముందు కల్లం. వడ్లు ఎండాయంటున్న ఆమె కల్లంలోనే ఉంది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఒట్టి కాళ్లతో వడ్లలో సాళ్లు తీస్తూ అటూ ఇటూ నడుస్తోంది. మేము ఎవరమో తెలిశాక నడక ఆపింది. దండం పెట్టలేదు, కూర్చోమనలేదు. గుప్పెడు వడ్లు తీసి అక్క చేతిలో పోసింది. "కొరికి సూడు మేడం. కొరికి నువ్వే చెప్పు."

అక్క ఒక గింజ నోట్లో వేసుకుని కొరికింది. పొట్టు ఊసేసి, "నాకు పంటితోని పదిహేడో పద్దెనిమిదో చెప్పరాదు చెల్లె. మాది బొగ్గుబాయిల ఊరు. నువ్వు ఎండినయంటున్నవ్, మిషన్ ఎండలేదంటుంది. మీ ఇద్దర్ల ఎవలిది తప్పో సూసేటందుకే వచ్చిన" అంది. ఓదార్పుగా ఒక తియ్యటి అబద్ధం చెప్పొచ్చు కదా అనుకున్నాను నేను. ఆమె మాత్రం అక్క ముఖం లోకి మొదటిసారి నిదానంగా చూసింది. అప్పటిదాకా ఆమెకు అందరూ తీర్పు చెప్పినవాళ్లే.

షెడ్డులో కంప్యూటర్ మీద దుమ్ము పడకుండా యూరియా సంచి కప్పి ఉంది. కంప్యూటర్ అమ్మాయి సంచి తీసింది. ఒకసారి వడ్లు పోసి చూస్తే పంతొమ్మిది దాటే చూపించింది. బావగారు గుమ్మంలో నిలబడి "మొగోడు లేని ఎవుసం గిట్లనే ఉంటది" అన్నాడు. నేను గిర్రున తిరిగి ఏదో అనబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, తను ప్రోగ్రాం తెరిచింది.

అక్క చేసిందంతా రెండు లైన్లు రాయడం. ప్రోగ్రాంలో లైబ్రరీని పిలిచే లైన్ ఉంటుంది. దాని కిందనే ఒక లైన్ రాసింది, పిలవగానే వచ్చిన ఆ లైబ్రరీ తన వెర్షన్ తానే చెప్పేటట్టు. రెండో లైన్, తాను ఏ ఫోల్డర్ నుంచి వచ్చిందో చెప్పేటట్టు. రాస్తూ నాతో అంది. "ఊర్లెకు కొత్త మనిషొస్తే ముసలమ్మలు ఏమడుగుతరు? నువ్వెవలు బిడ్డా, ఎవలింటి నుంచి వచ్చినవని అడుగుతరు గదా? గిదీ గంతే. పక్కింటోళ్లను అడిగితే పక్కింటోళ్లకు తెలిసిందే చెప్తరు."

ప్రోగ్రాం నడిపింది. తెర మీద రెండు వరుసలు వచ్చాయి.

మొదటి వరుసలో ఒకటి పాయింట్ తొమ్మిది అని ఉంది.

నేను నమ్మలేక తెర దగ్గరికి వంగి మళ్లీ చదివాను. పాత వెర్షన్. రెండో వరుసలో ఫోల్డర్ పేరు ఉంది. మేము కొత్త వెర్షన్ ఇన్‌స్టాల్ చేయించిన చోటు కాదు అది. మా ప్రోగ్రాం ఉన్న ఫోల్డరే.

అక్క కంప్యూటర్ అమ్మాయి వైపు తిరిగి, చాలా మామూలుగా అడిగింది. "చెల్లె, గీ ఫోల్డర్ ఎక్కడి నుంచి వచ్చింది?"

ఆ అమ్మాయి తల వంచుకుని జరిగింది చెప్పింది. వానాకాలం కొనుగోళ్లప్పుడు ఒకరోజు ప్రోగ్రాం తెరుచుకోలేదట. మాకు ఫోన్ చేస్తే కలవలేదట. బయట వడ్లు కుప్పలు పడి ఉన్నాయి. పెన్‌డ్రైవ్ తీసుకుని పక్క ఊరి సెంటర్‌కు పోయి, అక్కడ మంచిగా నడుస్తున్న ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసుకుని వచ్చింది. ఇంట్లో పెరుగు అయిపోతే పక్కింటికి గిన్నె పట్టుకుపోయి తోడు తెచ్చుకున్నట్టే. ఈ చుట్టుపక్కల సెంటర్లన్నీ అలాగే చేస్తాయి, ఎవరూ అందులో తప్పు పట్టరు. ఆ పక్క ఊరి ఫోల్డర్‌లో ఎవరో ఎప్పుడో లైబ్రరీని కూడా తెచ్చి అందులోనే పడేసి ఉంచారు. తోడుతో పాటు అదీ వచ్చింది.

ప్రోగ్రాంకు లైబ్రరీ కావాలంటే ముందు తన ఫోల్డర్‌లోనే వెతుక్కుంటుంది. అక్కడ దొరికితే ఇంకెక్కడికీ పోదు. మేము పంపిన కొత్తది కంప్యూటర్‌లో తన చోట తాను బుద్ధిగా కూర్చునే ఉంది. కమాండ్ దాన్ని చూసి రెండు పాయింట్ మూడు అంది. కమాండ్ అబద్ధం చెప్పలేదు. మా ప్రోగ్రాం దాని దాకా పోనేలేదు, అంతే.

"నాతోనే అయింది మేడం" అని ఆ అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. అక్క తన చెంగుతో ఆ అమ్మాయి ముఖం తుడిచింది. "నువ్వు తెచ్చినవ్ కాబట్టే వానాకాలం కొనుడు ఆగలే. ఫికర్ చెయ్యకు. ఏ వెర్షన్ నడుస్తుందో ప్రోగ్రాంతోని చెప్పియ్యకపోవుడు మా తప్పు" అంది. ఆ మాట మంచితనం కొద్దీ అన్నది కాదు, మనసారా అన్నదే. ఆ తర్వాత మా ఆఫీసులో తయారైన ప్రతి ప్రోగ్రాం, కొట్టే ప్రతి చీటీ అడుగున తన లైబ్రరీ వెర్షన్ వేసుకుంటుంది. రైతులకు ఆ అంకె అక్కర్లేదు. మాకు కావాలి.

అక్క ఆ ఫోల్డర్‌లోని పాత లైబ్రరీని తీసి పారేయలేదు. పేరు మార్చి పక్కకు పెట్టింది. మళ్లీ నడిపింది. ఈసారి లైబ్రరీ తనంతట తానే రెండు పాయింట్ మూడు అని చెప్పుకుంది. వచ్చింది కూడా రావలసిన చోటు నుంచే.

"ఇగ వడ్లు పొయ్యి" అంది అక్క.

ఆమె కల్లం నుంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. బావగారు పక్కకు జరిగాడు. మిషన్‌లో గింజలు పోశాక అంకె రావడానికి కాస్త టైం పడుతుంది. ఇంత చేశాక కూడా పదిహేడు దాటితే, ఈ ఊళ్లో ఇక ఆమె మాట ఎవరు వింటారు? పదిహేను అని వచ్చింది. నేను చప్పట్లు కొట్టాను. అక్క కొట్టలేదు. "ఒక్కటితోని కాదు. కుప్ప అడుగు నుంచి తీయి. నడిమిట్ల నుంచి తీయి" అంది. నాకు చిరాకేసింది, వచ్చిన మంచి అంకెను చెడగొట్టుకోవడం దేనికని. ఆమె మాత్రం వెంటనే కల్లంలోకి వెళ్లి, కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగునుంచి తీసుకొచ్చింది. పదిహేనున్నర. మధ్యలోంచి తీసింది పోసినా పదహారు దాటలేదు.

అక్క లేచి షెడ్డు బయటికి వచ్చింది. మబ్బు పట్టిందని వడ్ల మీద కప్పే పరదాలు పట్టుకుని అక్కడ చాలామందే పోగయ్యారు. నేనైతే ఆఫీసు పరువు పోతుందని నెమ్మదిగా ఆమె ఒక్కదానికే చెప్పి వచ్చేదాన్ని. అక్క చర్చిలో పాడే గొంతుతో అందరికీ వినిపించేటట్టు చెప్పింది. "ఈమె వడ్లు ఎండినయి. ముందుగాల్నే ఎండినయి. తప్పు మా ప్రోగ్రాంది. మీరు గూడ మీ వడ్లు మల్ల సూపిచ్చుకోండ్రి." ఇన్నేళ్ల నా ఉద్యోగంలో ఒక సాఫ్ట్‌వేర్ మనిషి రైతుల ముందు నిలబడి ఆ మాట అనగా నేను అప్పుడొక్కసారే విన్నాను. నాకు కళ్లు చెమర్చాయి. అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకుంటున్నానని గర్వంగా కూడా అనిపించింది.

సంచులు నింపడం మొదలైంది. మొదటి కాంటా పడేవేళకు ఒకటీ అరా చినుకులు కూడా పడ్డాయి. అందరూ పరదాలు లాగే హడావుడిలో ఉన్నారు. ఆమె బొడ్లోంచి ఫోన్ తీసి ఎవరికో చేసింది. అవతల ఎత్తగానే తాను ఒక్క మాటా మాట్లాడలేదు, ఫోన్ తెచ్చి అక్క చేతిలో పెట్టింది.

"నువ్వు ఇప్పుడు అందరి ముందట అన్న మాట, ఈ మనిషితోని గూడ ఒక్కసారి అను అక్కా. నేను చెప్తే ఇంటలేడు."

అక్క ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "తమ్మీ, నేను కరీంనగర్ నుంచి వచ్చిన. గీ సెంటర్ల ప్రోగ్రాం రాసినోళ్లం మేమే. మీ ఇంటామె వడ్లు మంచిగ ఎండవెట్టింది. ఎండలేదని చెప్పింది మా ప్రోగ్రాం. అది తప్పు చెప్పింది. ఆమె చెప్పిందే నిజం."

అవతల ఏమన్నాడో నాకు వినపడలేదు. అక్క "నాకెందుకు చెప్తున్నవ్, ఆమెకు చెప్పు" అని ఫోన్ ఆమెకిచ్చింది. ఆమె చినుకుల్లో నిలబడే విన్నది. మధ్యలో ఒకసారి కొంగుతో ముక్కు తుడుచుకుంది. చివరికి గొంతు సవరించుకుని, బావగారు నిలబడ్డ వైపు తిరిగి, ఫోన్‌లో మొదటి మాట మాట్లాడింది.

"వానాకాలం నారు నేనే పోస్తున్న. మీ అన్నకు నువ్వే చెప్పు."